చూడటం ఒకటే, ‘లుక్’లు అరడజను: ఫ్రేజల్ వెర్బులను విడదీసి నేర్చుకోవడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతుంటాను. బ్యాచీలు మారుతుంటాయి గానీ ప్రశ్న మారదు. “సార్, ‘పుట్ ఆఫ్’కీ ‘కాల్ ఆఫ్’కీ తేడా ఏమిటి? రెండూ ఆగిపోవడమే కదా?” అది కాకపోతే ‘గివ్ అప్’, ‘గివ్ ఇన్’. అదీ కాకపోతే ‘లుక్’ కుటుంబం మొత్తం. ఇలా ఒక క్రియకు ‘ఆఫ్’, ‘అప్’, ‘ఇన్’ లాంటి చిన్న మాట తోడై వేరే అర్థం ఇచ్చేవే ఫ్రేజల్ వెర్బులు. ఇప్పుడు ఫోనులో కూడా అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి, బోర్డు మీద రాసి చెరిపేసేదాన్ని ఈసారి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు, ఏది చేయకూడదో చెబుతాను. బజారులో దొరికే గైడు కొని, అందులోని 500 ఫ్రేజల్ వెర్బులను అ నుంచి హ దాకా బట్టీ పట్టకండి. ఒకప్పుడు పోటీ పరీక్ష కోసం నేనూ ఆ పని చేశాను. నలభయ్యోది నోటికి వచ్చేసరికి నాలుగోది మరిచిపోయాను. జ్ఞాపకశక్తిని తిట్టుకుని లాభం లేదు. ఆ జాబితాలో ప్రతి మాటా ఒంటరిగా నిలబడి ఉంటుంది. మనకు కావలసింది తేడా. తేడా తెలియాలంటే రెంటినీ పక్కపక్కన నిలబెట్టాలి. కింద చెప్పే పద్ధతిలో ఉన్నదంతా అదే.

కావలసినవి

వంద పేజీల నోటుబుక్కు ఒకటి. ఫోనులో రాసుకుంటామంటే వద్దంటాను, ఎందుకంటే సగం పేజీని అరచేత్తో మూసి చూసుకునే పని ఒకటి ముందుంది. రెండు రంగుల పెన్నులు. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పే, నేర్చుకునేవారి కోసం తయారుచేసిన నిఘంటువు ఒకటి. పుస్తకమైనా సరే, ఉచితంగా చూసుకునే వెబ్‌సైటు అయినా సరే. రోజుకు ఇరవై నిమిషాలు.

ఇవి కాక, మీ తెలుగు. ఇంగ్లీషు క్లాసుకు వచ్చేటప్పుడు తెలుగును చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలి రావాలని చాలామంది అనుకుంటారు. ఫ్రేజల్ వెర్బుల విషయంలో సగం పని తెలుగే చేసి పెడుతుంది.

1. తెలుగు వాక్యంతో మొదలుపెట్టండి

“ఇల్లు చూస్తున్నాను.” విజయవాడలో ఒకే రోజు ముగ్గురు ఈ మాట అన్నారనుకోండి.

మొదటి మనిషికి కొత్తగా బదిలీ అయింది. స్కూటరు మీద పటమట సందుల్లో తిరుగుతూ, గేట్లకు కట్టిన టు-లెట్ బోర్డులు చదువుతున్నాడు. ఇల్లు ఇంకా దొరకలేదు. ఇది ‘లుక్ ఫర్’.

రెండో మనిషి హాల్లో నిలబడి ఉన్నాడు. బ్రోకరు చేతిలో తాళాల గుత్తి ఉంది. ఈయన వంటగదిలో కుళాయి తిప్పి ధార చూశాడు, గోడ మీద చెమ్మ మరకను వేలితో గీకి చూశాడు. ఇల్లు కళ్ల ముందే ఉంది. ఇది ‘లుక్ ఎట్’. గది గదీ తిరిగి చూస్తే ‘లుక్ రౌండ్’.

మూడో ఆమెకు ఆ ఇల్లు సొంతం కాదు, అద్దెదీ కాదు. అన్నగారు అమెరికాలో ఉన్నారు. వారానికి ఒకసారి వెళ్లి తలుపులు తీసి, ఊడ్పించి, కరెంటు బిల్లు కట్టి, పెరట్లో కొబ్బరి చెట్టుకు నీళ్లు పెట్టి వస్తుంది. ఇది ‘లుక్ ఆఫ్టర్’.

తెలుగులో ముగ్గురిదీ ఒకే వాక్యం. ఇంగ్లీషులో మూడు క్రియలు. కాబట్టి నోటుబుక్కు పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు తెలుగులో దృశ్యం రాయండి, అర్థం కాదు. కుడి వైపు వేరే రంగుతో ఇంగ్లీషు క్రియ రాయండి. ‘లుక్ ఫర్ అంటే వెదుకు’ అని రాసుకుంటే రేపటికి పోతుంది. స్కూటరూ టు-లెట్ బోర్డూ పోవు.

ఇదే పేజీలో మరో రెంటికి చోటుంది. వీధి కుళాయికి నీళ్లు రావడం లేదని ఫిర్యాదు ఇస్తే, బల్లకు అవతల కూర్చున్నాయన “చూస్తాం లెండి” అంటాడు. కారణం ఏమిటో విచారిస్తాననే అర్థంలో అంటే అది ‘లుక్ ఇంటూ’. ఆ “చూస్తాం లెండి”కి మనందరికీ తెలిసిన రెండో అర్థం కూడా ఉంది. దానికి ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బు నాకు ఇంతవరకు దొరకలేదు. ఇక మాటకు అర్థాన్ని నిఘంటువులోనూ, రైలు వేళను పట్టికలోనూ చూడటం ‘లుక్ అప్’.

జాగ్రత్త: ఒక్క రోజులో ఒక్క కుటుంబమే. ఉత్సాహం కొద్దీ ‘లుక్’తో పాటు ‘టేక్’ కూడా మొదలుపెట్టారంటే రెండూ చిక్కుపడతాయి.

2. “తరువాత ఏమి మిగిలింది?” అని అడగండి

దగ్గర దగ్గర అర్థాలున్న జంటను విడదీయడానికి నేను ఎక్కువగా వాడే ప్రశ్న ఇదే. పని జరిగేటప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. పని అయ్యాక చూస్తే తేడా బయటపడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ నీళ్లలో ఉన్న రోజులు గుర్తున్నాయి కదా. ఆ వారంలో రెండు ఇళ్లలో పెళ్లి పనులు నడుస్తున్నాయనుకుందాం. ఒక ఇంట్లో వాళ్లు పురోహితుణ్ణి అడిగి మరో ముహూర్తం పెట్టించుకున్నారు. ‘పుట్ ఆఫ్’. రెండో ఇంట్లో వరదకు సంబంధం లేని గొడవ ఏదో వచ్చి సంబంధమే వదులుకున్నారు. ‘కాల్ ఆఫ్’. మనం రెంటికీ “పెళ్లి ఆగిపోయిందట” అనేస్తాం. అందుకే ఆ మాట వినగానే అవతలివాళ్లు కంగారుపడి “ఏ రకంగా ఆగింది?” అని అడుగుతారు. మొదటి ఇంట్లో పెళ్లి మిగిలింది, తేదీ మాత్రం మారింది. రెండో ఇంట్లో కల్యాణమండపానికి ఇచ్చిన అడ్వాన్సు కోసం వాదన తప్ప ఏమీ మిగల్లేదు.

తెలుగు పత్రికలు ఈ తేడాను సాధారణంగా పాటిస్తాయి. వాయిదా అంటే ‘పుట్ ఆఫ్’, రద్దు అంటే ‘కాల్ ఆఫ్’. అనుమానం వచ్చినప్పుడు “ఆగిపోవడం” అనే మాటను పక్కన పెట్టి, వాయిదానా రద్దా అని మిమ్మల్ని మీరే అడగండి.

ఇదే ప్రశ్నతో విజయవాడ బీసెంట్ రోడ్డుకు వెళదాం. సంచి బేరం. అతను ఆరు వందలు అన్నాడు, మీరు మూడు వందలు అన్నారు. అతను నవ్వాడు. మీరు రెండడుగులు వేశారు. “రండమ్మా, మూడు యాభై ఇచ్చి తీసుకోండి” అన్నాడు. ఎవరు మెట్టు దిగారు? అతను. ‘గివ్ ఇన్’ చేసింది అతను. కొన్నిసార్లు అతను పిలవడు, మీరే వెనక్కి వచ్చి ఐదు వందలు ఇస్తారు. అప్పుడు ‘గివ్ ఇన్’ మీది. అతనూ దిగక, మీరూ దిగక, ఇక ఈ సంచి వద్దులే అని ఇంటికి వచ్చేస్తే అది ‘గివ్ అప్’. ఏమి మిగిలిందో చూడండి: ‘గివ్ ఇన్’లో బేరం తెగింది, సంచి చేతిలో ఉంది. ‘గివ్ అప్’లో ప్రయత్నమే మానేశారు, చేయి ఖాళీ. ‘గివ్ ఇన్’కు ఎదుట ఒక ఒత్తిడి ఉండాలి, లొంగడానికి ఎవరో ఒకరో, ఏదో ఒకటో కావాలి. ‘గివ్ అప్’కు ఎదుటి మనిషి అక్కర్లేదు. సిగరెట్లు మానేయడం కూడా ‘గివ్ అప్’ అయింది అందుకే.

‘టర్న్ డౌన్’, ‘టర్న్ ఆఫ్’ మీద ఎక్కువ సమయం పెట్టకండి. టీవీ శబ్దం తగ్గి ఇంకా వినిపిస్తుంటే మొదటిది, అసలు వినిపించకపోతే రెండోది. ఉద్యోగం ఇస్తామంటే వద్దనడం కూడా ‘టర్న్ డౌన్’ అని పక్కన రాసుకోండి. బ్లేజ్‌వాడ అని పేరు పడ్డ విజయవాడలో మే నెలలో ఏసీని ‘టర్న్ అప్’ చేయమంటే మాత్రం చల్లదనం పెంచాలా, అంకె పెంచాలా అన్నది ఇంగ్లీషు వాళ్లకూ తగాదానే. ఆ చోట సూటిగా “ఇంకొంచెం చల్లగా” అని అడగడం మేలు.

3. ఒకే వస్తువును పట్టుకుని చివరి ముక్క మార్చండి

క్రియ ఒకటే ఉంచి, వస్తువు కూడా ఒకటే ఉంచి, చివరి చిన్న మాటను మాత్రం మార్చి చూడండి. గుంటూరు వాళ్లకు ఇంతకంటే మంచి వస్తువు లేదు: మిరపకాయ.

చేలో మొక్క నుంచి కాయ కోస్తే ‘పిక్’. కళ్లంలో ఎండబెట్టిన రాశి ముందు కూర్చుని, రంగు పోయి తెల్లబారిన తాలు కాయలను ఒక్కొక్కటిగా ఏరి పక్కకు వేస్తే ‘పిక్ అవుట్’. నిండిన టిక్కీని, అంటే మిర్చి బస్తాను, భుజానికి ఎత్తుకుంటే ‘పిక్ అప్’. లారీ వచ్చి ఆ సరుకును యార్డుకు తీసుకెళ్లినా ‘పిక్ అప్’ అనే అంటారు. కోయడం, ఏరడం, ఎత్తడం. వ్యవసాయం ఇంటి నుంచి వచ్చిన పిల్లలు ఈ మూడింటినీ ఒక్కసారి వింటే మళ్లీ తప్పరు. పట్నం పిల్లలకు రెండోసారి చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు వస్తువు మార్చండి. వంద చీరల్లో ఒకటి ఎంచుకోవడం ‘పిక్ అవుట్’. బడి నుంచి పిల్లవాణ్ణి తీసుకురావడం ‘పిక్ అప్’. నలుగురిలో తిరిగి నాలుగు తమిళం ముక్కలు నేర్చుకోవడం కూడా ‘పిక్ అప్’. మిరపకాయతో వచ్చిన అర్థం ఇక్కడికి ఎంతవరకు సాగింది, ఎక్కడ తెగింది అన్నది ఒక గీత కింద రాసుకోండి.

4. ‘ఇట్’ను ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి

అర్థం సరిగ్గా తెలిసినవాళ్లు కూడా ఇక్కడ పడిపోతారు. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ సరైనది, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ కూడా సరైనదే. కానీ మీటింగుకు బదులు ‘ఇట్’ వచ్చిందంటే అది మధ్యలోనే కూర్చోవాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ దగ్గర దీనికి తిరగబడుతుంది. ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ ఒక్కటే సరైనది, మధ్యలోకి ఏదీ దూరదు.

ఏది ఏ రకమో ఊహించకండి. నేను చెప్పిన నిఘంటువులో ప్రతి ఫ్రేజల్ వెర్బు పక్కన ‘సమ్‌థింగ్’, ‘సమ్‌బడీ’ అనే మాటలో, వాటి పొట్టి రూపాలో ఉంటాయి. ఆ మాట మధ్యలో కూడా కనిపిస్తే విడదీయవచ్చు. చివర మాత్రమే ఉంటే విడదీయకూడదు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో ఈ సమాచారం సాధారణంగా ఉండదు, మొదట్లో ఇంగ్లీషులోనే అర్థం చెప్పే నిఘంటువు కావాలన్నది అందుకే. నోటుబుక్కులో క్రియ పక్కన ‘ఇట్’ పెట్టి రాసుకుంటే ఒక్క దెబ్బకు రెండు పనులు అవుతాయి.

5. ‘అప్’ ఎదురైతే తెలుగులో “ఏయ్” తగిలించి చూడండి

తినడానికీ తినేయడానికీ తేడా మీకు ఎవరూ నేర్పలేదు. ‘ఈట్’, ‘ఈట్ అప్’ కూడా అంతే. ‘డ్రింక్ అప్’ తాగేయడం, ‘టేర్ అప్’ చింపేయడం, ‘యూజ్ అప్’ వాడేయడం. హాస్టల్లో “నీ షాంపూ వాడాను” అంటే స్నేహితుడు ఊరుకుంటాడు. “వాడేశాను” అంటే సీసా తలకిందులు చేసి చూస్తాడు. ‘యూజ్’కూ ‘యూజ్ అప్’కూ మధ్య ఉన్నది ఆ సీసా అడుగే.

జాగ్రత్త: ఇది ఊతకర్ర మాత్రమే, సూత్రం కాదు. ‘లుక్ అప్’లోనూ ‘గెట్ అప్’లోనూ పనిచేయదు. “ఏయ్” తగిలించి అర్థం కుదిరితే వాడుకోండి, కుదరకపోతే ఒకటో మెట్టుకు వెళ్లి దృశ్యం రాయండి.

నేను ఎక్కువగా దిద్దే తప్పులు

‘పాస్ అవుట్’. మన దగ్గర కాలేజీ చదువు పూర్తి చేశాడనడానికి ఇదే మాట. సైనిక శిక్షణ విషయంలో తప్పిస్తే బయటి దేశాల్లో దీని అర్థం ఎక్కువగా స్పృహ తప్పి పడిపోవడం. “మా అన్నయ్య 2019లో పాసవుట్ అయ్యాడు” అని విదేశీ ఇంటర్వ్యూలో చెబితే, అవతలివాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నాడని పరామర్శిస్తారు. ‘గ్రాడ్యుయేట్’ అనండి, గొడవ ఉండదు. ఇక చనిపోవడానికి మర్యాదగా వాడేది ‘పాస్ అవే’. పరామర్శ ఉత్తరంలో ఈ రెండూ తారుమారైతే ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కర్లేదు.

‘గెట్ డౌన్’. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు దిగడానికి మనం ఈ మాట వాడతాం, మనలో మనకు అర్థమవుతుంది. బయట మాత్రం అది ‘గెట్ ఆఫ్’. ‘గెట్ డౌన్’ అంటే చెట్టు మీదినుంచో గోడ మీదినుంచో కిందికి రావడం, లేదా వంగి నేలకు దగ్గరగా ఉండటం. ఎక్కడానికి కూడా ఒక గుర్తు ఉంది. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానం అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. తల వంచి దూరి కూర్చునే కారు, ఆటో అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. మోటారు సైకిలుకు లోపల అనేదే లేదు కాబట్టి ‘గెట్ ఆన్’. భవానీ ద్వీపానికి వెళ్లే పెద్ద లాంచీకి ‘ఆన్’, చేపలు పట్టే చిన్న పడవకు ‘ఇన్’.

‘ఫిల్ అప్’. ట్యాంకు నింపడానికీ బిందె నింపడానికీ ఇది సరిపోతుంది. దరఖాస్తుకు ‘ఫిల్ ఇన్’ అనండి. అమెరికా వాళ్లు ‘ఫిల్ అవుట్’ అంటారు. ‘ఇన్’, ‘అవుట్’ ఎదురెదురు మాటలైనా ఇక్కడ పని ఒకటే. ఎందుకని అడగకండి, రాసుకుని ముందుకు వెళ్లండి.

‘కోప్ అప్ విత్’. ఇందులో ‘అప్’ మన సొంత చేర్పు. ‘కోప్ విత్’ చాలు.

‘ఆఫ్ ద ఫ్యాన్’. “ఫ్యాన్ ఆఫ్ చెయ్యి”లో “చెయ్యి” అనే క్రియ ఉంది. ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఆ క్రియను మధ్యలో పడేసుకుంటున్నాం. ‘టర్న్ ఆఫ్’ అనో ‘స్విచ్ ఆఫ్’ అనో అనాలి.

‘పుట్ ఆన్’. చొక్కా తొడుక్కునే ఆ అర నిమిషం పని మాత్రమే ‘పుట్ ఆన్’. రోజంతా ఒంటి మీద ఉండటం ‘వేర్’. కొట్టులో సరిపోతుందా లేదా అని వేసి చూడటం ‘ట్రై ఆన్’. తెలుగులో మొదటి రెంటికీ “వేసుకున్నాడు” అనే అంటాం, అందుకే ఈ తప్పు.

వచ్చిందో లేదో చూసుకోవడం

మూడు రోజులు ఆగి నోటుబుక్కు తెరవండి. కుడి సగాన్ని అరచేత్తో మూసి, ఎడమ వైపు దృశ్యాలు చదువుతూ ఇంగ్లీషు క్రియను పైకి చెప్పండి. తడబడ్డవాటికి చుక్క పెట్టండి. మర్నాడు చుక్కలున్నవి మాత్రమే చూడండి.

రెండో పరీక్ష కఠినమైనది. మీరు రాసుకున్న ఉదాహరణ వాక్యంలో ఒక క్రియ తీసి, దాని జంటను పెట్టండి. వాక్యం విరిగిపోవాలి. విరగకపోతే మీ ఉదాహరణ పనికిరాదు. “వర్షం వల్ల మ్యాచ్‌ను ... చేశారు” అనే వాక్యంలో ‘పుట్ ఆఫ్’ పడుతుంది, ‘కాల్ ఆఫ్’ కూడా పడుతుంది. అలాంటి వాక్యాన్ని వందసార్లు రాసినా తేడా రాదు. “మ్యాచ్‌ను ఆదివారానికి ... చేశారు” అని మార్చండి. ఇప్పుడు ‘కాల్ ఆఫ్’ను రానివ్వదు. గైడు పుస్తకాల్లో ఉదాహరణలు చాలావరకు మొదటి రకంవే. నా విద్యార్థుల నోటుబుక్కుల్లో నేను చూసేది కూడా ముందు ఇదే.

రాయడం బొత్తిగా పడనివాళ్లు, పక్కన ఒక మనిషి ఉంటే, అట్ట ముక్కల మీద క్రియలు రాసి తిప్పేయండి. ఒకరు తెలుగులో దృశ్యం చెప్పాలి, రెండోవారు అట్ట ఎత్తాలి. పోటీ పరీక్షకు పది రోజులే మిగిలినవాళ్లు ఐదో మెట్టు వదిలేసి, పాత ప్రశ్నపత్రాల్లో వచ్చిన జంటలకు మాత్రం ఈ రెండో పరీక్ష పెట్టుకోండి.

చివరగా ఈ మూడూ చేసి చూడండి. జవాబులు వెంటనే కింద ఉన్నాయి, అరచేత్తో మూసుకోండి.

క) విజయవాడలో బస్సు ఎక్కి, గుంటూరులో దిగి, ఆటో ఎక్కాను.
చ) ఇంట్లో గ్యాస్ అయిపోయింది, హాల్లో టిక్కెట్లు అయిపోయాయి.
ట) తాతయ్యను చూడటానికి ఊరు వెళ్లాడు.

మొదటిది వరుసగా ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’, ‘గెట్ ఇన్’. రెండోదానిలో గ్యాస్‌కు ‘రన్ అవుట్’, టిక్కెట్లకు ‘సెల్ అవుట్’. ఒకటి వాడగా అయిపోయింది, ఒకటి అమ్మగా అయిపోయింది. మూడోదానికి తొందరపడి ‘లుక్ ఆఫ్టర్’ అన్నారా? ఎన్నాళ్లకని వెళ్లాడో ముందు అడగాలి. పొద్దున వెళ్లి, పళ్లు ఇచ్చి, సాయంత్రం బండికి వచ్చేస్తే అది ‘విజిట్’, ఫ్రేజల్ వెర్బే అక్కర్లేదు. నెల రోజులు సెలవు పెట్టి, వేళకు మందులు వేస్తూ, రాత్రి పూట మంచం పక్కనే పడుకుంటున్నాడంటే అప్పుడు ‘లుక్ ఆఫ్టర్’.